నాసిక్ వైనా, నంది హిల్స్ వైనా

బెంగళూరులో ఉండే మనవాళ్ళు వైన్ అనగానే నంది హిల్స్ వైపు వెళ్ళిపోతారు, దగ్గర కాబట్టి, కానీ నాసిక్ కూడా చూశాక నాకు అర్థమైంది రెండు చోట్లా ద్రాక్ష పెరిగే తీరే వేరు అని.

నాసిక్ సముద్రమట్టానికి 600 మీటర్ల ఎత్తులో ఉంటుంది, చలికాలం పగలు ఎండ బాగానే కాస్తుంది, రాత్రిళ్ళు మాత్రం వణికిస్తుంది. ఆ చలే పండులో పులుపు పోకుండా కాపాడుతుంది, అందుకే అక్కడి షెనిన్ బ్లాంక్, సావిన్యాన్ బ్లాంక్ లాంటి వైట్ వైన్లు అంత ఫ్రెష్‌గా ఉంటాయి. నంది హిల్స్ దగ్గర తోటలు ఇంకా ఎత్తులో, 900 మీటర్లు దాటి ఉంటాయి, అక్కడ ఏడాది పొడవునా వాతావరణం పెద్దగా మారదు, పండు నిదానంగా పండుతుంది. షిరాజ్, కాబెర్నే లాంటి రెడ్ వైన్లు నాకు అక్కడివే నచ్చాయి.

అసలు విషయం ద్రాక్ష తీగల కత్తిరింపులు. ఫ్రాన్స్‌లో మంచుకి తీగ నిద్రపోతుంది, మన దగ్గర నిద్రే పోదు కదా, అందుకే ఏప్రిల్‌లో ఒకసారి, వానలు తగ్గాక సెప్టెంబర్ అక్టోబర్లలో ఇంకోసారి కత్తిరిస్తారు, రెండోదానికే కాపు వస్తుంది. కోసిన కొమ్మ చివర నీటి బొట్టు ఊరుతూ ఉంటుంది, వేలితో తాకితే చల్లగా తగిలింది. హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ రకం ద్రాక్ష తోటలు చేసిన రైతులకి ఇదంతా తెలిసిందే. నాసిక్‌లో కోత జనవరి నుంచి మార్చి దాకా, వెళ్తే అప్పుడే వెళ్ళండి.

వైట్ ఇష్టమైతే నాసిక్, రెడ్ అయితే నంది, నేనైతే ముందు నాసిక్ అంటాను.