డిసెంబర్‌లో పిల్లలతో అరకు: బకెట్ వేడినీళ్ళు 50 రూపాయలు

అరకు బాగుంది. ఈ మాట ముందే చెప్పేస్తున్నా, లేకపోతే కింద రాసేదంతా చదివి మీకు అరకు మీదే కోపం రావచ్చు. నా కోపం ఊరి మీద కాదు. "అన్ని వసతులూ ఉన్నాయి మేడమ్, ఫ్యామిలీలే వస్తారు మా దగ్గరికి" అని ఫోన్లో చెప్పి, తీరా దిగాక వేడినీళ్ళు బకెట్ల లెక్కన అమ్మిన ఒక రిసార్ట్ మీద.

మా పెద్దదానికి ఆరేళ్ళు, చిన్నోడికి రెండున్నర. పెద్దది చదివేది మిషనరీ స్కూల్లో. దానికి పెద్ద సెలవులు క్రిస్మస్‌కే ఇస్తారు, సంక్రాంతికి మూడు రోజులిస్తే గొప్ప. అందుకని చుట్టాలంతా జనవరిలో బయల్దేరితే మేం డిసెంబర్ ఆఖరి వారంలో పెట్టే సర్దుతాం. ఈసారి అత్తయ్య కూడా వచ్చారు. ధనుర్మాసం కదా, ఆవిడ తెల్లవారకముందే స్నానం చేసి, తిరుప్పావైలో ఆ రోజు పాశురం చదువుకుంటే గానీ కాఫీ చుక్క ముట్టరు. నెలంతా ఉల్లిపాయ కూడా తినరు. చలికాలంలో ఇద్దరు చిన్నపిల్లలు, ఒక ధనుర్మాస వ్రతం. గది వెతికేటప్పుడు నేను అడిగినవి రెండే: పొద్దున వేడినీళ్ళు ఉంటాయా, పిల్లలకి విడిగా డబ్బులేమైనా కట్టాలా? పది ఫోన్లు చేసినా ఇవే రెండు ప్రశ్నలు. టూరిజం వాళ్ళ గదులు మేం చూసేసరికే నిండిపోయాయి కాబట్టి ప్రైవేటు వాళ్ళే గతి.

విజయవాడ నుంచి విశాఖ చేరి, స్టేషన్ దగ్గర లాడ్జిలో 1,400 కి ఒక రాత్రి పడుకున్నాం. ఇబ్బందేమీ లేదు.

కిరండూల్ పాసింజర్ పొద్దున ఏడు కాకముందే కదిలిపోతుంది. చిన్నోణ్ణి నిద్రలోనే దుప్పట్లో చుట్టి ఎక్కించాం. విస్టాడోమ్ బోగీకి మామూలు టికెట్ కంటే చాలా ఎక్కువే పడుతుంది, కానీ చిన్నపిల్లలుంటే ఆ డబ్బు దండగ కాదు. పైన అద్దాల కప్పు, చుట్టూ తిరిగే సీట్లు. మా వాళ్ళకి కొండల కన్నా ఆ సీట్లే నచ్చాయి. మాకు కుడివైపు సీట్లొచ్చాయి, లోయలు ఎక్కువగా కనిపించేది అటే. బొడ్డవర దాటాక ఘాట్ మొదలవుతుంది. యాభైకి పైగా సొరంగాలు. ప్రతి సొరంగంలోనూ బోగీలో పిల్లలందరూ కలిసి అరుస్తారు, పెద్దవాళ్ళు మొదట విసుక్కుంటారు, నాలుగో సొరంగానికి వాళ్ళూ అరుస్తారు. లెక్కపెడతానని కూర్చున్న మా పెద్దది ఇరవై దాటాక నిద్రపోయింది. ఎదురుగా ఇనుప ఖనిజం గూడ్సు బండ్లు దిగుతుంటాయి. బైలదిల్లా గనుల ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకి తెచ్చి జపాన్‌కి పంపడానికే 1960ల్లో ఈ లైను వేశారు. శిమిలిగూడ స్టేషన్ సుమారు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంటుంది. బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో ఒకప్పుడు దేశంలోకెల్లా ఎత్తయినది ఇదేనని మా ఆయన చెప్తుంటే, చిన్నోడు సరిగ్గా అప్పుడే పాల సీసా ఆయన ఒళ్ళో ఒంపాడు.

ఇక రిసార్ట్ సంగతి.

రాత్రికి 5,200. మామూలు రోజుల్లో ఇదే గది 2,200 అని తర్వాత జీపు డ్రైవర్ చెప్పాడు. సీజన్‌లో రేటు పెంచడం అందరూ చేసేదే, దానికి నేనేం అనను. రెండు రాత్రులకి సగం డబ్బు, అంటే 5,200, ముందే పంపాం. దిగగానే కౌంటర్లో అబ్బాయి పెద్దదాన్ని ఎగాదిగా చూసి "పాపకి ఎన్నేళ్ళు?" అన్నాడు. ఆరు అంది అదే గర్వంగా. "అయిదు దాటితే ఎక్స్‌ట్రా పర్సన్ మేడమ్, రాత్రికి 900." పదేళ్ళ లోపు ఉచితమని ఫోన్లో చెప్పింది ఎవరయ్యా అంటే, అది వేరే స్టాఫ్ అట. ఆ 900 కి వచ్చింది ఒక పరుపు, తువ్వాలంత పల్చటి రగ్గు. ఇంకో రగ్గు కావాలంటే 100.

బాత్రూంలో గీజరైతే ఉంది. యాప్‌లో పెట్టిన ఫోటోలో ఉన్నదీ అదే. ప్లగ్గు మాత్రం లేదు, వైరు కత్తిరించి టేపు చుట్టారు. మేనేజర్‌ని అడిగితే, "సీజన్‌లో వోల్టేజీ ప్రాబ్లం మేడమ్, గీజర్లన్నీ ఆపేశాం. రూముకి రెండు బకెట్లు వేడినీళ్ళు ఇస్తాం, పొద్దున ఏడు నుంచి ఎనిమిదిన్నర వరకు. ఆపైన బకెట్‌కి 50" అన్నాడు.

"మా అత్తయ్యగారికి నాలుగున్నరకి కావాలి" అన్నా.

"అప్పటికి బాయ్స్ లేవరు మేడమ్. సీజన్ కదా, రాత్రి లేటవుతుంది."

రాత్రి ఎందుకు లేటవుతుందో ఎనిమిదింటికి తెలిసింది. మా కిటికీ ముందే క్యాంప్‌ఫైర్ వేశారు. కావాలన్నా వద్దన్నా గదికి 600. రెండు స్పీకర్లు పెట్టి పన్నెండున్నర దాకా డీజే. చిన్నోడు ఉలిక్కిపడి లేవడం, నేను జోకొట్టడం, మళ్ళీ లేవడం. మా ఆయన రెండుసార్లు వెళ్ళి చెప్పొచ్చారు. రెండోసారి వెళ్ళినప్పుడు ఎవరో ఆయన చేతిలో మొక్కజొన్న పొత్తు పెట్టి పంపారు. ఆయన దాన్ని తింటూ వచ్చారు. దాని మీద మా ఇద్దరికీ జరిగిన గొడవ ఇక్కడ రాయను.

పొద్దున నాలుగున్నరకి ఫోన్లో చూస్తే 8 డిగ్రీలు. వంటగది వైపు వెళ్ళి తలుపు కొట్టాను, ఎవరూ పలకలేదు. ఈలోగా అత్తయ్య మాట్లాడకుండా బాత్రూంలోకి వెళ్ళి చన్నీళ్ళే పోసుకున్నారు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. బయటికొచ్చేసరికి పెదాలు వణుకుతున్నాయి, పాశురంలో మాట పూర్తిగా పలకలేకపోయారు. నా స్వెటర్, పిల్లల రగ్గు, అన్నీ కప్పాను. ఆవిడకి కోపం వస్తే అరవరు, మాటలు ఆపేస్తారు. ఆ పూట ఆపేశారు. అదీ కొడుకుతోనే, గది బుక్ చేసింది ఆయన కాబట్టి.

ఏడు గంటలకి వచ్చిన రెండు బకెట్లూ గోరువెచ్చన. పిల్లలిద్దరికీ ఒళ్ళు తుడవడానికి సరిపోయాయి. ఇంకో మూడు తెప్పించుకున్నాం, 150. సీసాలోకి పాలు కాచివ్వమంటే గ్లాసుకి 30, పాలు మావే. బిల్లు చూస్తే అన్నీ వరసగా రాశాడు: హాట్ వాటర్ 3, మిల్క్ హీటింగ్ 2, బ్లాంకెట్ 1, క్యాంప్‌ఫైర్ 1. రెండో రాత్రి ఉండం, డబ్బు వెనక్కివ్వమన్నాం. క్యాన్సిలేషన్ లేదన్నాడు. గంటసేపు అక్కడే కూర్చున్నాం. చిన్నోడు కౌంటర్ మీది గంటని ఆపకుండా కొడుతుంటే నేను ఆపలేదు. చివరికి రెండో రాత్రి అద్దెలో 1,300 తగ్గించి మిగతాది పట్టుకున్నాడు. ఆ 1,300 లో సగం పుణ్యం చిన్నోడిదే.

మీకు చెప్పేదేమిటంటే, "హాట్ వాటర్ ఉందా" అని అడగొద్దు, అందరూ ఉందనే అంటారు. గీజర్ పనిచేస్తోందా, తెల్లవారుజామున ఎన్నింటికి ఇస్తారు, ఎన్ని బకెట్లు, పిల్లలకి ఎన్నేళ్ళ వరకు ఉచితం? ఇవి వాట్సాప్‌లో రాసి, జవాబు కూడా రాతలోనే తెప్పించుకోండి. రాయడానికి వెనకాడితే ఆ గది వదిలేయండి.

మమ్మల్ని గట్టెక్కించింది జీపు డ్రైవర్. రోజుకి 2,500 మాట్లాడుకున్నాం. మా సామాను, మా మొహాలు చూసి ఏమీ అడక్కుండా ఊరి చివర ఒక ఇంటి ముందు ఆపాడు. కింద వాళ్ళుంటారు, పైన రెండు గదులు. టీవీ లేదు, వైఫై లేదు, గోడలకి సున్నం. 1,500. పిల్లలకి డబ్బులేమిటి అని ఆ ఇంటావిడే నన్ను ఎదురడిగింది. పెరట్లో కట్టెల పొయ్యి మీద పెద్ద కాగు. అత్తయ్య దాని దగ్గరికెళ్ళి నిలబడ్డారు.

"నీళ్ళు ఎన్నింటికి కావాలమ్మా?" అందావిడ.

"నాలుగున్నరకి... కుదురుతుందా అమ్మా?"

"మేం నాలుక్కే లేస్తాం కదా."

అంతే, అత్తయ్యకి మాటలొచ్చేశాయి. ఆ సాయంత్రం ఇద్దరూ పొయ్యి దగ్గర కూర్చుని మోకాళ్ళ నొప్పుల గురించి, కోడళ్ళ గురించి మాట్లాడుకున్నారు. రెండోది నాకు వినపడాలనే గట్టిగా.

భోజనం గురించి రాయాలి. ప్లేటు 80. వేడన్నం, రాజ్మా కూర, రోట్లో నూరిన టమాటా పచ్చడి, మజ్జిగ. రాజ్మా ఇక్కడి ఏజెన్సీలోనే పండిస్తారు. నేను ఢిల్లీ వంట అనుకునేదాన్ని. అత్తయ్య కోసం ఉల్లిపాయ లేకుండా, అల్లం, మిరియాలు దట్టించి వండింది. కూర అంటేనే మొహం తిప్పుకునే మా పెద్దది రెండోసారి వడ్డించమంది. పొద్దున పిల్లలకి చోడి (రాగి) జావ, బెల్లం వేసి, చెరో గ్లాసు. దానికి డబ్బు తీసుకోలేదు. మా ఆయనకి మాత్రం వెలితిగానే ఉంది, బొంగులో చికెన్ కోసమే అరకు వచ్చిన మనిషి కదా. బొర్రా దగ్గర రోడ్డు పక్కన 300 పెట్టి కొనుక్కుని, అత్తయ్యకి వాసన తగలకుండా జీపు వెనక నిలబడి తిన్నారు. నూనె లేకుండా వెదురు బొంగులో పెట్టి నిప్పుల మీద కాల్చిందే, బాగుంటుంది. కాకపోతే మసాలా ఘాటు, చిన్నపిల్లలకి పెట్టొద్దు.

చూసినవాటిలో బొర్రా గుహలే మొదటి మార్కు. సున్నపురాయి కరిగి, లక్షల ఏళ్ళు చుక్కచుక్కగా కారి ఏర్పడిన ఆకారాలు, వాటి మీద రంగురంగుల లైట్లు. లైట్లు లేకపోతే ఇంకా బాగుండేది, కానీ పిల్లలు ఒప్పుకోరు. లోపల మెట్లు చాలా, తడిగా ఉంటాయి. పిల్లల తోపుడుబండి పనికిరాదు, చంటివాణ్ణి ఎత్తుకోవాల్సిందే. బయట చలికి వేసిన స్వెటర్లు లోపల ఉక్కపోతకి విప్పాలి. కోతులతో జాగ్రత్త, బిస్కెట్ ప్యాకెట్ చేతిలో కనిపిస్తే చాలు. క్రిస్మస్ మర్నాడు వెళ్తే జనం తోపులాట, తలుపులు తెరిచే వేళకే అక్కడుండండి. పద్మాపురం గార్డెన్‌లో బొమ్మ రైలు ఉంది, పిల్లలకి అది చాలు. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుల కోసం కూరగాయలు పండించిన తోట ఇదని నేను చెప్తే ఒక్కరూ వినలేదు. గిరిజన మ్యూజియంలో మట్టి ఇళ్ళ నమూనాలు, వంట సామాను చూసి అత్తయ్య "ఇది మా అమ్మమ్మ ఇంట్లో ఉండేది" అంటూ ప్రతిదాని దగ్గరా ఆగారు. చాపరాయి వాగు చూడ్డానికి అందం, కాలు పెడితే జారుడు. అయిదేళ్ళ లోపు వాళ్ళుంటే దూరం నుంచే చూసి వచ్చేయండి. వలిసె పూలు అప్పటికే చాలావరకు అయిపోయాయి, పసుపు పొలాల్లో ఫోటోలు కావాలంటే డిసెంబర్ మొదట్లోనే వెళ్ళాలి. కాఫీ మాత్రం ఎక్కడ తాగినా బాగుంది.

వంజంగి మేఘాల గురించి అందరూ చెప్తారు. చీకట్లో బయల్దేరి, కొండ నడిచి ఎక్కాలి, పైన పొగమంచు గాలి. రెండున్నరేళ్ళ వాడితో వద్దు. లంబసింగి కూడా అంతే. అక్కడికి జనం వెళ్ళేదే చలి కోసం, ఆ చలి పిల్లలకి దేనికి?

తిరుగు ప్రయాణం కారులో, విశాఖకి 3,800. సుమారు 115 కిలోమీటర్లు, ఘాట్ రోడ్డు మలుపులు. అనంతగిరి దాటకముందే పెద్దది ఒకసారి, ఎస్.కోట చేరేలోపు చిన్నోడు రెండుసార్లు కక్కారు. దిగేటప్పుడు కూడా రైలు టికెట్ దొరికితే అదే పట్టుకోండి. లేదంటే పాలు తాగించకుండా ఎక్కించి, దారిలో ఆగుతూ రండి. మర్నాడు విశాఖలో సబ్‌మెరైన్, బీచ్, అన్నీ హాయిగా గడిచాయి.

ఇంటికొచ్చాక ఆ రిసార్ట్‌కి ఒక్క స్టార్ ఇచ్చి, బిల్లు ఫోటో పెట్టాను. మూడో రోజు మేనేజర్ ఫోన్. రేటింగ్ తీసేస్తే వచ్చే సీజన్‌లో 20 శాతం డిస్కౌంట్ అట.

"వేడినీళ్ళో?" అన్నాను.

కాసేపు ఆగి, "మీకు నాలుగు బకెట్లు ఇస్తాం మేడమ్" అన్నాడు.