పాడేరు–లంబసింగి రోడ్డు: పది దాటాకే సైకిలెక్కండి

సైకిల్ తొక్కేవాళ్లు ఎవరిని అడిగినా ఒకటే చెబుతారు, తెల్లారకముందే రోడ్డెక్కితే ట్రాఫిక్ ఉండదని. విశాఖ బీచ్ రోడ్డు వరకు ఆ మాట నిజమే. పాడేరు కొండల మీద చలికాలంలో అది పనికిరాదు. అక్కడ రోజు మొత్తంలో అసలు రద్దీ ఉండేదే తెల్లవారుజామున. వంజంగి కొండ మీద మబ్బులు చూడ్డానికి, లంబసింగి మంచులో ఫొటోలు దిగడానికి జనం అర్ధరాత్రి కార్లేసుకుని బయల్దేరతారు. మూడు, నాలుగు గంటలకే పైన కార్ల వరసలు, పొగమంచులో హెడ్‌లైట్లు, హారన్లు. ఎండ పొడుచుకొచ్చి మబ్బు విడిపోతే తిరనాళ్లు ముగిసినట్టే. టిఫిన్లు చేసి తొమ్మిది, పది మధ్య చాలామంది దిగిపోతారు. ఆ తర్వాత పొద్దువాలేదాకా రోడ్డు మనదే.

కొన్నేళ్లుగా చలికాలం వస్తే అటే వెళ్తున్నాను. ఈ దారికి నేను వేసే మార్కుల్లో ముప్పాతిక వంతు ఈ ఒక్క సంగతికే. కింద మైదానంలో పదకొండింటికి సైకిల్ తొక్కడమంటే శిక్ష. పాడేరు దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. డిసెంబరు, జనవరిలో నడిమధ్యాహ్నం కూడా ఎక్కేటప్పుడు చొక్కా తడుస్తుందే గానీ మాడు మండదు, దిగేటప్పుడు పల్చటి జాకెట్ కావాల్సిందే. అందరూ వద్దనే వేళలోనే ఇక్కడ హాయిగా తొక్కొచ్చు.

ఘాట్ గురించి ఎక్కువ చెప్పను. వి.మాడుగుల నుంచి గరికబంద మీదుగా పాడేరు ఎక్కే రోడ్డులో బస్సులు, జీపులు తిరుగుతూనే ఉంటాయి, దాన్ని ప్రశాంతమైన దారి అనలేం. నేనైతే మాడుగులలో హల్వా కట్టించుకుని, సైకిల్‌ని కారెక్కించి పాడేరులో దింపుకుంటాను. (హల్వా దొరికే వి.మాడుగుల కింద ఉంది, నేను చెప్పబోయే జి.మాడుగుల కొండ మీద ఉంది. మ్యాప్‌లో వెతికేటప్పుడు ఇది చూసుకోండి.)

పాడేరు నుంచి జి.మాడుగుల మీదుగా చింతపల్లి, అక్కణ్నుంచి లంబసింగి. దారి పొడవునా చిన్న ఎక్కుళ్లు, చిన్న దిగుళ్లు. సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలు. ఎదురుగా బండి వస్తుంటే రెండు మలుపుల ముందే ఇంజను చప్పుడు వినపడుతుంది, పక్కకి తప్పుకోవడానికి కావలసినంత టైముంటుంది. రోడ్డు ఖాళీగా ఉందా లేదా అన్నదానికి నాకో కొలమానం ఉంది. చోళ్లు (రాగులు) గానీ వలిసెలు (నూనెగింజలు) గానీ రోడ్డు మీద ఆరబోశారంటే, బండ్ల గురించి ఆ ఊరివాళ్లకి పెద్ద బెంగ లేనట్టే. వాటి మీంచి తొక్కకండి, దిగి పక్కనుంచి నడిపించుకుపోండి.

ఈ ఖాళీ రోడ్డుకి ఇంకో ముఖం ఉందని జి.మాడుగులకు ఇవతల తెలిసింది. ఎక్కుడులో గేరు మారుస్తుంటే ఫట్‌మని చప్పుడు. చూస్తే, చైనుని ఒక గేరు నుంచి ఇంకో గేరుకి జరిపే డీరైలర్ చైనుకి వేలాడుతోంది. దాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగర్ అనే చిన్న అల్యూమినియం ముక్క విరిగింది. ఫ్రేము పాడవకుండా ముందు తనే విరగాలని ఆ ముక్కను కావాలనే మెత్తగా చేస్తారు. చిక్కేమిటంటే ఒక్కో ఫ్రేముకి ఒక్కో ఆకారం, విశాఖలోనే వెతుక్కోవాలి. ఫోనులో సిగ్నల్ లేదు. గంటసేపు నడిపించుకెళ్లినా లిఫ్ట్ అడగడానికి ఒక్క ఆటో రాలేదు. పొద్దున్నుంచీ నేను మెచ్చుకుంటున్నది సరిగ్గా ఆ ఖాళీనే.

చివరికి బైకులు బాగుచేసే షెడ్డు ఒకటి కనపడింది. కుర్రాడు విరిగిన ముక్కని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇలాంటిది నేనెప్పుడూ చూళ్లేదు సార్, అతికించినా ఆగదు" అన్నాడు. డీరైలర్ తీసేసి చైను కురచ చేస్తే ఒకే గేరుతో నడుస్తుందని నాకు తెలుసు, చైను విప్పే టూల్ మాత్రం లేదు. మాట పూర్తి కాకముందే అతను రెండు నట్ల మధ్య చైను పెట్టి, మేకూ సుత్తీతో పిన్ను బయటికి కొట్టేశాడు. లింకులు తీశాడు, మళ్లీ కలిపాడు. పిన్ను బిగుసుకున్నచోట చైనుని పక్కలకి వంచి వంచి వదులు చేశాడు. ఎంతివ్వమంటావంటే టీ తాగి పొమ్మన్నాడు, బలవంతం మీద కొంత తీసుకున్నాడు. గతుకు తగిలినప్పుడల్లా చైను జారింది, నిటారు ఎక్కుడులన్నీ నడిచాను. అయినా చీకటిపడేలోపు చింతపల్లి చేరాను. ఇప్పుడు నా ఫ్రేముకి సరిపోయే హ్యాంగర్ ఒకటి, చైను టూలు ఒకటి సీటు కింద సంచిలో ఎప్పుడూ ఉంటాయి. పంక్చరు సామాను సంగతి మీకు చెప్పక్కర్లేదు.

పైన చెప్పిన ప్రశాంతతలో కొంత తగ్గించుకోవాల్సిన మాట ఒకటుంది. ఈ దారి ఇప్పుడు రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, కొయ్యూరు, చింతపల్లి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం వెళ్లే 516ఇ జాతీయ రహదారిలో భాగం. వెడల్పు చేసినచోట తారు నున్నగా ఉంది, టైర్లకి సుఖమే. ఆ నునుపు చూసి కార్లూ స్పీడు పెంచాయి. మలుపులు తగ్గినచోట నీడ కూడా తగ్గింది. పనులు జరుగుతున్నప్పుడు టిప్పర్లు, దుమ్ము, పరిచిన కంకర చూశాను. సన్న టైర్ల సైకిల్‌తో ఆ కంకర మీద దిగడం నాకు టెన్షనే. ఇప్పుడు 32 మిల్లీమీటర్ల టైర్లు వేసుకున్నాను, కాస్త నయం.

తినడానికి పెద్దగా ఆశలు పెట్టుకోవద్దు. మండల కేంద్రాల్లో ఇడ్లీ, పూరీ, భోజనం దొరుకుతాయి, మధ్యలో అదృష్టం. సంత తగిలితే చోడి అంబలి తాగండి, కడుపులో నిలుస్తుంది. చెక్‌పోస్టుల దగ్గర గంజాయి కోసం సంచులు చూస్తారు. సైకిల్ సంచి కూడా విప్పమంటే విప్పండి, రెండు నిమిషాల పని.

నాది షిఫ్టు ఉద్యోగం, వారం మధ్యలో సెలవు దొరుకుతుంది. అందుకే ఈ రోడ్డు నాకింత నచ్చిందేమో. ఆదివారం తప్ప కుదరనివాళ్లకి లంబసింగి వైపు పది దాటినా కార్లు తగులుతూనే ఉంటాయి. వాళ్లు చింతపల్లి దాకా వెళ్లకుండా, పాడేరు–జి.మాడుగుల ముక్క వరకే పోయి వెనక్కి రావడం మేలు. సంక్రాంతి సెలవుల్లో అయితే నేనే వెళ్లను.