బీఏ, బీకాం తరగతిలో స్టెల్లేరియం: ఏళ్ల తరబడి వాడాక

ఖగోళశాస్త్రం ప్రాథమిక కోర్సు తీసుకున్న బీఏ, బీకాం పిల్లలకి సూత్రాలు పరీక్ష దాకానే గుర్తుంటాయి. విన్న మాటని ఆకాశంలో సరిచూసుకోవడం మాత్రం అలవాటైతే పోదు. ఆ అలవాటు చేయడానికి, కంప్యూటర్ తెర మీద ఆకాశాన్ని చూపించే స్టెల్లేరియం అనే సాఫ్ట్‌వేర్ బాగా పనికొచ్చింది. ఉచితమే. కాకపోతే బాగా పాతబడ్డ ల్యాబ్ కంప్యూటర్లలో కొత్త వెర్షన్ తెరుచుకోదు, పాతది వేసుకోవాలి.

ముందు ఎఫ్6 నొక్కి ఊరు మీరే ఎంచుకోండి. నెట్‌వర్క్‌కి వదిలేస్తే ఒక్కోసారి వేరే ఊరు పడుతుంది. టైమ్ జోన్ కూడా చూడండి. అది తప్పితే ఉదయాస్తమయాలన్నీ తప్పుతాయి. హైదరాబాద్ పెట్టాక ధ్రువనక్షత్రం దాదాపు 17 డిగ్రీల ఎత్తులో కనిపించిందంటే ఊరు సరిగ్గా పడినట్టే.

అన్నిటికన్నా బాగా పండే పాఠం కార్తెలది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని అందరికీ తెలుసు. ఆ రోహిణి ఎక్కడుందో చూపించమంటే అందరూ దిక్కులు చూస్తారు. ఎఫ్5లో జూన్ 1, మధ్యాహ్నం 12 పెట్టి 'ఏ' నొక్కండి. వాతావరణం తొలగిపోయి, నిజంగానే పట్టపగలు చుక్కలు కనిపిస్తాయి. సూర్యుడికి దక్షిణంగా ఐదున్నర డిగ్రీల దూరంలో ఎర్రగా ఉన్నదే రోహిణి. ఇక్కడ చాలామంది ఉత్త 'ఈక్వల్స్' మీట నొక్కి తికమకపడతారు. అది 24 గంటలు జరుపుతుంది కాబట్టి సూర్యుడు దాదాపు అక్కడే ఉండి చుక్కలు పడమటికి జరుగుతాయి. ఆల్ట్ పట్టుకుని నొక్కితే 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లే జరుగుతుంది. చుక్కలు కదలవు, సూర్యుడు రోజుకో డిగ్రీ చొప్పున తూర్పుకి వెళ్తాడు. రెండు వారాలు అలా నొక్కితే మృగశిర దగ్గరికి చేరతాడు. కార్తె అంటే ఏమిటో ఇక వేరే చెప్పనక్కర్లేదు.

సంక్రాంతి దగ్గర కాస్త జాగ్రత్త. జనవరి 14న తెర మీద సూర్యుడు ధనుస్సులోనే ఉంటాడు. పంచాంగం తప్పని పిల్లలు తీర్పిచ్చేస్తారు. పంచాంగంలో రాశులన్నీ సమానంగా 30 డిగ్రీలు, తెర మీది నక్షత్రమండలాల హద్దులు అలా సమానం కావు. మరి ఉత్తరాయణం? సూర్యుడు ఉత్తరానికి మళ్లేది డిసెంబర్ 21, 22 తేదీల్లో. జనవరి 14కి దాదాపు 24 డిగ్రీలు దాటేస్తాడు. సూర్యుడు మళ్లే ఆ చోటు చుక్కల మధ్య మెల్లగా వెనక్కి జరగడమే అయనచలనం, అది 72 ఏళ్లకో డిగ్రీ. గుణించి చూడమంటే, ఉత్తరాయణం, సంక్రాంతి ఒక్కటిగా ఉన్న కాలం దాదాపు 1,700 ఏళ్ల వెనక తేలుతుంది. ఈ లెక్కకి బీకాం వాళ్లే ముందు చెయ్యెత్తుతారు.

చంద్రకళలకి మాత్రం ఈ సాఫ్ట్‌వేర్ చాలదు. కళ చూపిస్తుంది గానీ కారణం తట్టనివ్వదు. భూమి నీడే కారణమనే భ్రమ అలాగే ఉండిపోతుంది. చీకటి గదిలో ఒక బల్బు, చేతిలో తెల్ల బంతి చాలు. బంతిని తల కంటే కాస్త ఎత్తున పట్టుకుని తిరగమనండి. తలకి సమంగా పట్టుకుంటే ప్రతి పౌర్ణమికీ తల నీడ పడి గ్రహణమైపోతుంది. చంద్రుడి కక్ష్య 5 డిగ్రీలు వాలి ఉందని చెప్పాల్సింది సరిగ్గా అప్పుడే.