వీలాన్ దాటాలంటే హెల్పర్ అడ్రస్సా, డైరెక్టెడ్ బ్రాడ్‌కాస్టా? ఏది మేలు?

గుంటూరు బ్రాడీపేటలో మూడంతస్తుల కాలేజీ ఒకటి ఉందనుకుందాం. కింద ఆఫీసు, పైన ల్యాబు, ఆ పైన లైబ్రరీ. మూడింటికీ మూడు వీలాన్‌లు (స్విచ్‌లోనే విడదీసిన వేర్వేరు నెట్‌వర్క్‌లు) చేసి, వాటి మధ్య ప్యాకెట్లను దాటించగల లేయర్ 3 స్విచ్‌లో ఐపీ రూటింగ్ ఆన్ చేశారు. ఐపీ చేత్తో ఇచ్చిన సిస్టమ్‌ల మధ్య పింగ్ పోతోంది. ల్యాబులో మిగతా వాటికి మాత్రం 169.254తో మొదలయ్యే అడ్రస్ వస్తోంది, అంటే సర్వర్ దొరక్క సిస్టమ్ తనకు తానే ఇచ్చుకున్నది. ఐపీలు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ ఆఫీసు వీలాన్‌లో ఉంది. అడ్రస్ కోసం క్లయింట్ (అడిగే సిస్టమ్) వేసే మొదటి కేక బ్రాడ్‌కాస్ట్, అంటే తన నెట్‌వర్క్‌లో అందరికీ వినిపించేది. రూటింగ్ ఉన్నా అది వీలాన్ దాటదు.

ఈ పనికి హెల్పర్ అడ్రస్సే, అంటే స్విచ్‌కు మనం చెప్పిపెట్టే సర్వర్ ఐపీయే సరైనది. స్విచ్ ఆ కేకను అందుకుని, అది వచ్చిన వీలాన్‌లోని తన ఐపీని ప్యాకెట్‌లో రాసి, నేరుగా సర్వర్‌కే పంపుతుంది. ఏ స్కోప్ (అడ్రస్‌ల వరస) నుంచి అడ్రస్ ఇవ్వాలో సర్వర్ దాన్ని చూసి తేల్చుకుంటుంది. వేరే సిస్టమ్‌లకు ఈ గోల తగలదు. కమాండ్ పెట్టాల్సింది క్లయింట్లున్న వీలాన్ ఇంటర్‌ఫేస్ మీద. సర్వర్ ఉన్న వీలాన్ మీద పెట్టి, పనిచేయడం లేదని టెన్షన్ పడేవాళ్లు చాలామంది. సర్వర్‌కు డిఫాల్ట్ గేట్‌వే సరిగ్గా లేకపోయినా జవాబు తిరిగి రాదు.

బ్రాండ్ మారితే లెక్కా మారుతుంది. సిస్కోలో హెల్పర్ పెడితే డీహెచ్‌సీపీతో పాటు టీఎఫ్‌టీపీ (పోర్టు 69), డీఎన్‌ఎస్ (53), నెట్‌బయోస్ (137, 138) వంటి వేరే సర్వీసుల బ్రాడ్‌కాస్ట్‌లు కూడా వెళ్తాయి. అక్కర్లేనివాటిని పోర్టు నంబరుతో ఆపేయాలి, ఈ పని వదలకండి. హెచ్‌పీ ప్రోకర్వ్ స్విచ్‌లలో డీహెచ్‌సీపీ రిలే (ఆ కేకను సర్వర్‌కు చేరవేయడం) వేరు, యూడీపీ బ్రాడ్‌కాస్ట్ ఫార్వర్డింగ్ (మిగతా బ్రాడ్‌కాస్ట్‌లను దాటించడం) వేరు. రెండోది మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, కావాలంటే మనమే ఆన్ చేసుకోవాలి.

డైరెక్టెడ్ బ్రాడ్‌కాస్ట్ దారి వేరు. బయటి నుంచి ఒక వీలాన్ బ్రాడ్‌కాస్ట్ అడ్రస్‌కు, ఉదాహరణకు 192.168.20.255కు, ఒక ప్యాకెట్ పంపితే, చివరి స్విచ్ దాన్ని ఆ వీలాన్ మొత్తానికీ వినిపిస్తుంది. దొంగ సోర్స్ అడ్రస్‌తో ఇలా పింగ్‌లు పంపి, వందల జవాబులను ఒకే బాధితుడి మీదికి మళ్లించే స్మర్ఫ్ దాడులు 1990ల చివర్లో నెట్‌వర్క్‌లను ముంచాయి. అందుకే 1999లో వచ్చిన ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 2644 రూటర్లలో దీన్ని డిఫాల్ట్‌గా ఆఫ్ చేయమంది. దాన్ని ఊరికే ఆన్ చేసి వదిలేయడం నాకు అస్సలు ఇష్టం లేదు.

దీనికి న్యాయమైన అవసరం వేక్-ఆన్-ల్యాన్, అంటే నిద్రలో ఉన్న సిస్టమ్‌ను నెట్‌వర్క్ ప్యాకెట్‌తో లేపడం. పరీక్ష రోజు పొద్దున్నే ఆఫీసు నుంచి ల్యాబు సిస్టమ్‌లన్నీ లేపాలంటే, నిద్రలో ఉన్నవి ఏఆర్‌పీకి (ఈ ఐపీ ఎవరిదని అడిగే ప్రశ్నకు) పలకవు కాబట్టి ఒక్కదానికే పంపే మామూలు యూనికాస్ట్‌ను నమ్ముకోలేం. అప్పుడు డైరెక్టెడ్ బ్రాడ్‌కాస్ట్‌ను ల్యాబు వీలాన్ ఒక్కదానికే ఆన్ చేసి, అడ్మిన్ సిస్టమ్ ఐపీ నుంచి వచ్చే యూడీపీ పోర్టు 9 ప్యాకెట్లకు మాత్రమే యాక్సెస్ లిస్ట్‌తో (ఏవి పోవచ్చో చెప్పే నియమాల జాబితాతో) దారివ్వండి. ల్యాబులో ఎప్పుడూ ఆన్‌లో ఉండే సిస్టమ్ ఒకటుంటే ఆ ప్యాకెట్‌ను అక్కడి నుంచే పంపించవచ్చు, స్విచ్‌ను ముట్టుకునే పనే ఉండదు.