పందెం ట్రాకర్: ర్యాంకుల పట్టిక మూసేసి చూడండి

సముద్రం మీద జరిగే తెరచాప పడవల పందేలను ఏళ్లుగా లైవ్ ట్రాకింగ్ మ్యాపుల్లోనే చూస్తున్నాను. మ్యాప్ తెరవడం, పడవను ఎంచుకోవడం అందరికీ తెలిసినవే. నా కోపమంతా పక్కనే కనబడే ర్యాంకుల పట్టిక మీద.

ఆ పట్టిక పడవలను గమ్యానికి మిగిలిన దూరాన్ని బట్టి పేరుస్తుంది. ఆ దూరాన్ని లెక్కగట్టేది అతి దగ్గరి దారి వెంట. గాలి ఎక్కడుందో దానికి పట్టదు. ఇది ఎంత తప్పుదారి పట్టిస్తుందో తెలియాలంటే, ఒంటరిగా ఎక్కడా ఆగకుండా ప్రపంచాన్ని చుట్టివచ్చే వాండే గ్లోబ్ పందెంలో దక్షిణ అట్లాంటిక్ భాగం చూడండి. బ్రెజిల్ దగ్గర్నుంచి ఆఫ్రికా దక్షిణ కొసనున్న గుడ్ హోప్ అగ్రం వైపు నేరుగా గీత గీస్తే అది సెయింట్ హెలీనా అధికపీడన ప్రాంతంలోకి పోతుంది. దాని నడిమధ్యన గాలి దాదాపు ఉండదు. అందుకని ఆరితేరిన నావికులు బ్రెజిల్ వైపునుంచే దక్షిణానికి దిగి, అధికపీడనాన్ని ఎడమచేతి పక్కన ఉంచుకుని చుట్టు తిరిగి, కింద వీచే పడమటి గాలులను అందుకుంటారు. సరిగ్గా ఆ రోజుల్లోనే పట్టిక వాళ్లను కిందికి దించేస్తుంది. తూర్పుకు అడ్డంగా కోసుకుపోయి, రేపో మాపో గాలి లేక నిలిచిపోబోయే పడవను పైన కూర్చోబెడుతుంది. తర్వాత ఒక్కసారిగా అంతా తారుమారైతే కొత్తవాళ్లు ఆశ్చర్యపోతారు. మ్యాప్ మీద గాలి దిశ, వేగం చూపే విండ్ లేయర్ చూస్తున్నవాళ్లకు అది ముందే అర్థమై ఉంటుంది.

ముగింపు దగ్గరా అంతే. వాండే గ్లోబ్‌లోనే 2021 జనవరి 27న చార్లీ దలాన్ అందరికంటే ముందు ముగింపు గీత దాటాడు. గెలిచింది మాత్రం మూడోవాడిగా చేరిన యానిక్ బెస్తవెన్. పడవ విరిగి సముద్రంలో చిక్కుకున్న కెవిన్ ఎస్కోఫియే కోసం గాలింపుకు వెళ్లినందుకు బెస్తవెన్ సమయంలో 10 గంటల 15 నిమిషాలు తగ్గించారు. మిగిలిన దూరం ఒక్కటే చూస్తే ఆ లెక్క ఎక్కడా తగలదు.

కాబట్టి పట్టిక మూసేయండి. విండ్ లేయర్ ఆన్ చేసి, స్కేల్ టూల్‌తో ఒక్కో పడవ నుంచి రాబోయే గాలి మార్పు దాకా దూరం కొలవండి. కంటి అంచనా పనికిరాదు. ఈ మ్యాపులు చాలావరకు మెర్కేటర్ పద్ధతిలో ఉంటాయి, 50 డిగ్రీల దక్షిణాన దూరాలు భూమధ్యరేఖ దగ్గరకంటే ఒకటిన్నర రెట్లకు పైగా సాగి కనబడతాయి. దక్షిణ సముద్రంలో పెద్ద ఆధిక్యంలా తోచేది చాలాసార్లు అంత పెద్దది కాదు.

పడవ మీద నొక్కితే వచ్చే వేగాన్ని కూడా జాగ్రత్తగా చదవాలి. చాలాచోట్ల అది రెండు పింగుల (పడవ తన స్థానం తెలుపుతూ పంపే సంకేతాల) మధ్య సరళరేఖ దూరాన్ని కాలంతో భాగించగా వచ్చిన సగటు. ఎదురుగాలికి 90 డిగ్రీల మలుపులతో, 10 నాట్స్‌తో (నాట్ అంటే గంటకు ఒక సముద్రమైలు) అటూ ఇటూ సమానంగా వెళ్లిన పడవ అందులో 7 నాట్స్‌గానే కనబడుతుంది. చివరి పింగ్ సమయం ఎప్పటిదో కూడా చూడండి, అది పాతదైతే వేగమూ పాతదే.

నాకు బాగా నచ్చేది రీప్లే స్లైడర్. ఎవరు ఎప్పుడు మలుపు తిప్పారో, దాని ఫలితం ఎన్ని గంటలకు తేలిందో వెనక్కి జరిపి చూడటంలో ఉన్న ఆనందం వేరు. ఐతే పింగుల మధ్య గీతను చాలా మ్యాపులు ఊహించి పూరిస్తాయి. ఒడ్డుకు దగ్గరగా సాగే పందెంలో పడవ నేల మీదుగా వెళ్లినట్టు కనబడేది అందుకే. పింగులు అరుదుగా వచ్చే పందెంలో రెండు పడవలు ఎంత దగ్గరగా దాటుకున్నాయో రీప్లే చూసి తేల్చలేం.

విండ్ లేయర్‌నూ పూర్తిగా నమ్మను. అందులో ఉండేది అంచనా. జీఎఫ్ఎస్ అనే అమెరికా వాతావరణ మోడల్ లాంటిది రోజుకు 4 సార్లే కొత్తగా లెక్కిస్తుంది, మ్యాపుల్లో సాధారణంగా వాడే దాని గడి పావు డిగ్రీ, అంటే సుమారు 28 కిలోమీటర్లు. భూమధ్యరేఖ దగ్గర గాలి మందగించే డోల్డ్రమ్స్‌లో వచ్చే చిన్న చిన్న గాలివానలు ఆ గడిలోనే కలిసిపోతాయి.

నెలల తరబడి సాగే మహాసముద్ర పందేలకు నాకు ట్రాకర్ లేనిదే కుదరదు, రోజుకు ఒకటి రెండుసార్లు తీరిగ్గా చూసుకుంటాను కాబట్టి. ఆఖరి గంటల్లో క్షణక్షణం ఎవరు ముందో తెలియాలనుకునేవాళ్లకు, ముఖ్యంగా చిన్న ఫోన్ తెరమీద చూసేవాళ్లకు, నిర్వాహకుల ప్రకటనలే మేలనిపిస్తుంది.