మన పాత గూడ్స్ డబ్బా చేయాలంటే ఏ స్కేల్ మేలు?

ఈ నెలలో ఇది నాలుగోసారి. "అన్నా, పాత గూడ్స్ డబ్బాల మోడళ్లు చేద్దామనుకుంటున్నా. హెచ్‌ఓలో మొదలుపెట్టాలా, ఓఓలోనా, ఎన్‌లోనా?" (ఇవి రైలు మోడళ్ల స్కేళ్లు, అంటే నిజం బండిని ఎన్నో వంతుకి తగ్గించి చేస్తామన్న లెక్క: హెచ్‌ఓ 1:87, ఓఓ 1:76, ఎన్ 1:160.) అడిగినవాళ్లలో ఒకరు హన్మకొండ, ఒకరు మంచిర్యాల, మిగతా ఇద్దరూ పెద్దపల్లి దిక్కు. నలుగురికీ ఫోన్‌లో టైప్ చేసి చేసి బొటనవేలు నొప్పి పుట్టింది. అందుకే ఇక్కడ ఒకేసారి రాసి పెడుతున్నా.

ఒక సంగతి ముందే చెప్పాలి. నేను మూడేళ్లు హెచ్‌ఓలో చేసి, పోయిన ఏడాది దాన్ని పక్కనపెట్టి 1:100కి, అంటే నిజం బండిలో వందో వంతుకి, మారాను. కాబట్టి నా తక్కెడ ఎటు మొగ్గుతుందో మీకు తెలిసే ఉంటుంది. అయినా హెచ్‌ఓకి అన్యాయం చేయకుండా రాయడానికి ప్రయత్నిస్తా.

మారడానికి కారణం మా బాపు. కాజీపేటలో వ్యాగన్లు చెక్ చేసే పనిలో ఉండి రిటైర్ అయ్యాడు. వచ్చిన ప్రతి రేక్ (ఒకటిగా తగిలించిన వ్యాగన్ల వరస) పక్కన నడుచుకుంటూ స్ప్రింగులు, యాక్సిల్ బాక్సులు, బ్రేక్ దిమ్మలు చూసుకుంటూ పోవడమే ఆయన ఉద్యోగం. నేను హెచ్‌ఓలో మొట్టమొదట చేసింది సీఆర్‌టీ, అంటే నాలుగు చక్రాల మూత డబ్బా. పక్కగోడలకి దళసరి పెళ్లి పత్రిక అట్ట, అడుగు ఫ్రేముకి ప్లాస్టిక్ షీటు. రివెట్ల కోసం అట్ట వెనకనుంచి అయిపోయిన రీఫిల్ మొనతో ఒక్కొక్క చుక్కా నొక్కాను. ఒక్క గోడకే రెండు రాత్రులు పట్టింది. ఎర్ర ఆక్సైడ్ రంగు వేసి, తెల్ల అక్షరాలు రాసి, గర్వంగా టీపాయ్ మీద పెట్టాను.

బాపు కళ్లద్దాలు పెట్టుకుని డబ్బా చేతిలోకి తీసుకున్నాడు. నేను రెండు రాత్రులు కష్టపడ్డ పక్కగోడని చూడనే లేదు. డబ్బా ముఖాన్ని తన ముఖానికి ఎదురుగా తిప్పి, కింద చక్రాల మధ్యలోకి చూశాడు. "డబ్బా మంచిగుంది బిడ్డా. గని ఇది మీటర్ గేజ్ బండి లెక్క కొడుతుంది" అన్నాడు. ఒకప్పుడు నిజామాబాద్ దిక్కు తిరిగిన ఇరుకు పట్టాల మీటర్ గేజ్ బండ్లు ఆయన కళ్లలో ఉన్నాయి మరి.

నాకు కోపం వచ్చింది. స్కేల్ తెచ్చి కొలిచాను. కొలిచాక కోపం పోయింది, దిగులు పట్టుకుంది.

లెక్క ఇది. మన బ్రాడ్‌గేజ్, అంటే రెండు పట్టాల మధ్య దూరం, 1,676 మిల్లీమీటర్లు. హెచ్‌ఓ పట్టాలో ఆ దూరం 16.5 మి.మీ. ఉంటుంది, అది యూరప్, అమెరికాల 1,435 మి.మీ. గేజ్‌కి 1:87 లెక్కన కుదిరిన కొలత. అదే 1:87లో మన గేజ్ చేస్తే 19.3 మి.మీ. రావాలి. అంటే హెచ్‌ఓ పట్టా మీద మన డబ్బాని నిలబెట్టినప్పుడల్లా నిజం బండిలో 24 సెంటీమీటర్లు మింగేస్తున్నాం. జానెడు! ఒక్కో చక్రం తన చోటు వదిలి లోపలికి 1.4 మి.మీ. జరుగుతుంది. కంటికి అదెంత అనిపిస్తుంది కానీ, డబ్బా వెడల్పు అలాగే ఉండి కాళ్లు మాత్రం దగ్గరికి వచ్చేస్తాయి. పెద్ద బొజ్జ, సన్న కాళ్లు. బాక్స్‌ఎన్ (బొగ్గు మోసే, పైన మూత లేని వ్యాగన్) వెడల్పు 3,200 మి.మీ. అనుకుంటే, నిజంలో వెడల్పు గేజ్‌కి 1.9 రెట్లు, హెచ్‌ఓ బొమ్మలో 2.2 రెట్లు. ఓఓలో అయితే 2.5 దాటుతుంది.

నా మటుకు నాకు నిర్ణయం ఇక్కడే అయిపోతుంది. మన బండిని చూడగానే "ఇది మనది" అనిపించేది రంగు కాదు, మీద రాసిన అక్షరాలు కాదు. ఎడంగా కాళ్లు పెట్టి నిలబడ్డ ఆ తీరు. అది తప్పితే మిగతా పని ఎంత చక్కగా చేసినా డబ్బా పరాయిదిలాగే ఉంటుంది.

అయితే ఈ తప్పు అన్ని వ్యాగన్లలో ఒకేలా కనపడదు. దీన్ని ఎవరూ పట్టించుకోరు కాబట్టి కొంచెం ఆగి చెప్తా. బాక్స్‌ఎన్, బీసీఎన్ (మూత డబ్బా) లాంటి ఎనిమిది చక్రాల వ్యాగన్లకి కింద కాస్నబ్ రకం బోగీలుంటాయి. (బోగీ అంటే మనం అనుకునే పెట్టె మొత్తం కాదు, కింద నాలుగు చక్రాలున్న ఆ బండి మాత్రమే. రైల్వేవాళ్ల ముందు "బోగీ ఎక్కాను" అంటే మా బాపు ఇప్పటికీ నవ్వుతాడు.) ఆ బోగీకి పక్కనుండే పోత ఉక్కు ఫ్రేము లావుగా ఉండి చక్రాన్ని సగం కప్పేస్తుంది. చక్రం లోపలికి జరిగినా పక్కనుంచి చూస్తే తెలియదు. అదే సీఆర్‌టీ లాంటి నాలుగు చక్రాల డబ్బాకి చక్రం బయటికే ఉంటుంది. దాని ముందు పల్చటి ఇనుప గార్డు, పైన పట్టీల స్ప్రింగు, మధ్యలో యాక్సిల్ బాక్సు, అంతే. హెచ్‌ఓలో ఆ గార్డుకీ చక్రానికీ మధ్య ఖాళీ వచ్చేస్తుంది. కొంచెం ఏటవాలుగా చూసినా వెలుతురు దూరి కనపడుతుంది. గార్డుని లోపలికి జరిపితే, అది డబ్బా అంచు కిందినుంచి తప్పుకుని మరీ వింతగా తయారవుతుంది. రెండు రకాలుగానూ చేసి చూశాను.

అందుకని మీరు 1980ల తర్వాతి బొగ్గు రేకులే చేస్తానంటే, అంటే రామగుండం లైన్లో తిరిగే బాక్స్‌ఎన్‌లే చాలనుకుంటే, హెచ్‌ఓ నిస్సంకోచంగా తీసుకోండి. అందులో లాభాలు చిన్నవి కావు. పట్టా, చక్రాలు, కప్లింగులు, మోటార్లు అన్నీ దొరుకుతాయి. మన ఇంజన్లు, వ్యాగన్లు హెచ్‌ఓలో చేసే చిన్న తయారీదార్లు మన దేశంలోనే ఉన్నారు. ఇంకొకరి లేఅవుట్ (మోడల్ పట్టాలు పరిచిన బల్ల) మీదికి మీ రేక్ తీసుకెళ్లి నడిపించుకోవచ్చు. పక్కనుంచి చూసినంతసేపు ఎవరూ తప్పు పట్టలేరు. అడిగినవాళ్లు మాత్రం నలుగురూ పాత డబ్బాలే అన్నారు. వాక్యూమ్ బ్రేకులు, పక్క బఫర్లు (డబ్బా కొసన రెండు పక్కలా గుద్దుడు ఆపే గుండ్రటి దిమ్మలు), సీఆర్‌టీలు, పొడుగాటి పాత బాక్స్ వ్యాగన్లు. వాటికే ఈ తిప్పలు.

ఓఓ గురించి ఎక్కువ చెప్పను. బ్రిటన్‌లో బండ్లు చిన్నవి, అప్పటి మోటార్లు వాటిలో పట్టలేదు. అందుకని ఒంటిని 1:76కి పెంచి, పట్టాని హెచ్‌ఓదే ఉంచేశారు. అంటే వాళ్ల బండికే అది ఇరుకు పట్టా. మన బండికి 22 మి.మీ. కావాలి, అక్కడ ఉన్నది 16.5. లండన్ నుంచి ఎవరో చుట్టం తెచ్చిన సెట్టు ఇంట్లో ఉంటే పిల్లలతో ఆడుకోండి, మన వ్యాగన్ మాత్రం దాని మీద పెట్టకండి.

ఎన్ స్కేల్ ఇల్లు చిన్నదైనవాళ్లకి. 9 మి.మీ. పట్టా, 1:160. గేజ్ తప్పు హెచ్‌ఓలో ఉన్నంతే ఉంటుంది కానీ, సైజు చిన్నది కాబట్టి కన్ను క్షమిస్తుంది. రివెట్లు మాత్రం మర్చిపోండి.

ఇంకో దారి ఉంది. 1:87లోనే ఉండి, 19.3 మి.మీ. పట్టా సొంతంగా వేసుకోవడం. నికార్సైన పద్ధతి ఇదే, ఒప్పుకుంటా. కానీ ప్రతి ఇరుసూ మార్చాలి, ఇంజన్ చక్రాలన్నీ ఎడం చేయాలి, పాయింట్లు (బండి ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకి మారే చోట్లు) ఒక్కొక్కటి చేత్తో కట్టాలి. ఉద్యోగం, పిల్లల స్కూలు, వారానికి దొరికే రెండు గంటలు ఉన్నవాడికి అయ్యే పని కాదు. నేను ఒక పాయింట్ మొదలుపెట్టి సంక్రాంతికి ఆపేశాను, ఉగాది వచ్చినా దాన్ని ముట్టుకోలేదు.

ఇక 1:100. 1,676ని 16.5తో భాగించండి, 101.6 వస్తుంది. అంటే అంగట్లో దొరికే మామూలు హెచ్‌ఓ పట్టాయే, 1:100లో చేసిన మన డబ్బా కింద పెడితే, దాదాపు అచ్చమైన బ్రాడ్‌గేజ్ అవుతుంది. తేడా వంద మీద ఒకటిన్నర. కొత్త పట్టా అక్కర్లేదు, కొత్త పాయింట్లు అక్కర్లేదు. డబ్బాని కొంచెం చిన్నది చేస్తే చాలు. ఇంత తేలిక సంగతి మూడేళ్లు తట్టకపోవడం నా తెలివి.

లెక్క సుఖం సంగతి వేరే చెప్పాలి. ఈ వ్యాగన్ల రైల్వే డ్రాయింగులు మిల్లీమీటర్లలోనే ఉంటాయి. బాక్స్‌ఎన్ కప్లర్ నుంచి కప్లర్‌కి 10,713 మి.మీ. అంటే నా డబ్బా 107.1 మి.మీ. పాత బాక్స్ 13.7 మీటర్లు, నాది 13.7 సెంటీమీటర్లు. క్యాలిక్యులేటర్ లేదు, బడిపిల్లల స్కేలు చాలు. 87తో భాగించుకుంటూ కాయితం నిండా అంకెలు రాసుకున్న రోజులు తలుచుకుంటే నవ్వొస్తుంది.

చక్రాలు కూడా కలిసొచ్చాయి. మన బోగీ వ్యాగన్ చక్రం కొత్తగా ఉన్నప్పుడు 1,000 మి.మీ., అరిగి అరిగి 906కి వస్తే తీసేస్తారు. హెచ్‌ఓలో దొరికే అమెరికా 33 అంగుళాల చక్రం కొలిస్తే 9.6 మి.మీ. ఉంటుంది. 1:100లో అది 960, అంటే సగం అరిగిన చక్రం. హెచ్‌ఓలో మాత్రం వాళ్ల 36 అంగుళాల చక్రం పెట్టినా 914 దగ్గర ఆగిపోతుంది. బాపు భాషలో, ఇవాళో రేపో వర్క్‌షాపుకి పోయే చక్రం.

మనుషులు, చెట్లు దొరకవేమో అని భయపడ్డా. ఆర్కిటెక్చర్ చదివే పిల్లల మోడళ్లు ఎక్కువగా 1:100లోనే ఉంటాయని తర్వాత తెలిసింది. వాళ్లు కొనే సామానులోనే తెల్ల ప్లాస్టిక్ మనుషులు సంచుల్లెక్కన వస్తారు. రంగు వేసుకోవాలి, లుంగీ కట్టాలి, అంతే. బొగ్గు కోసం మాత్రం వెతుక్కోలేదు. మందమర్రిలో ఉండే మా బావ ఒక్క పెడ్డ ఇచ్చాడు, రోట్లో దంచి జల్లించి ఫెవికాల్ నీళ్లతో అంటిస్తే పది వ్యాగన్లకి సరిపోయింది. పనయ్యాక మా అమ్మ ఆ రోలు మళ్లీ ఇంట్లోకి రానివ్వలేదు.

పొడుగు లెక్క కూడా చూడండి. 58 బాక్స్‌ఎన్‌ల పూర్తి రేక్ హెచ్‌ఓలో ఏడు మీటర్ల పైన, 1:100లో ఆరు మీటర్ల చిల్లర, ఎన్‌లో నాలుగు మీటర్ల లోపు. మా హాలు ఆరు మీటర్లు కూడా లేదు కాబట్టి నాకు ఇది ఉత్త ముచ్చటే.

1:100లో కష్టం లేదంటే అబద్ధమవుతుంది. పెద్ద కష్టం ఇంజన్. ఎవరూ అమ్మరు. కింద హెచ్‌ఓ యంత్రం పెట్టి, పైన అట్టతో ఒళ్లు మనమే కట్టుకోవాలి. మన డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజన్ అమెరికా కంపెనీ ఆల్కోవాళ్ల డిజైన్ కాబట్టి అమెరికా ఆల్కో యంత్రం సరిపోతుందని మొదలుపెట్టాను. చక్రాల మధ్య దూరం ఎక్కువైంది, ఆ రాజీ ఇంకా మింగుడుపడటం లేదు. రెండోది, హెచ్‌ఓ ఇరుసు ఒకటి రెండు మిల్లీమీటర్లు పొడుగు. యాక్సిల్ బాక్సులు కొంచెం బయటికి పొడుచుకొస్తాయి, లోపల గీకి సర్దాలి. మూడోది, స్నేహితుడి హెచ్‌ఓ లేఅవుట్ మీద మన డబ్బా నడుస్తుంది కానీ, వాళ్ల వ్యాగన్ పక్కన నిలబడితే అన్న పక్కన తమ్ముడిలా ఉంటుంది. నలుగురితో కలిసి నడపడమే మీకు ముఖ్యమైతే ఇది పెద్ద లోటే. హెచ్‌ఓకే ఉండిపోండి, నేనేమీ అనను.

మెటీరియల్ సంగతి కూడా అడిగారు. త్రీడీ ప్రింట్ బోగీ ఫ్రేములకి బాగుంటుంది. గోడలకి నాకు అట్టే ఇష్టం. జూలైలో చెమ్మ పట్టకుండా లోపలివైపు కూడా వార్నిష్ కొట్టండి. ప్రింట్ చేసిన డబ్బాలని మే నెలలో మేడ మీద రేకుల గదిలో పెట్టకండి. నావి రెండు నడుములు వంచాయి.

మొదటి 1:100 సీఆర్‌టీ పోయిన దసరాకి అయ్యింది. ఈసారి నేనే డబ్బాని బాపు ముఖానికి ఎదురుగా పట్టుకున్నాను. చాలాసేపు చూశాడు. చక్రాల గురించి ఒక్క మాట అనలేదు. "బఫర్లు ఇంత దగ్గరగ ఉంటయా? ఇంకింత బయటికి రావాలె" అన్నాడు.

వెళ్లి కొలిచాను. మన బఫర్ల మధ్య దూరం 1,956 మి.మీ., నా డబ్బాకి 19.6 రావాలి. హెచ్‌ఓ రోజుల్లో దగ్గర పెట్టుకున్న యూరప్ డ్రాయింగులో 1,750 ఉంటే, అలవాటు కొద్దీ 17.5 పెట్టేశాను. ఆ రాత్రే నాలుగూ పీకేశాను.