ఎర్ర చెల్కకు ఏది మేలు: చెరువు మట్టా, పెంటా, గొర్ల మందా, జీలుగా?

పరకాల నుంచి జనగామ దాకా ఎర్ర చెల్కల్లో, అంటే తేలికపాటి ఎర్ర నేలల్లో, ఏటా పత్తి మీద పత్తే వేస్తున్నారు. మందు బస్తాలు పెరుగుతున్నాయి, దిగుబడి మాత్రం పెరగడం లేదు. దీనికి రైతు ముందు నాలుగు దారులున్నాయి: చెరువు పూడిక మట్టి తోలడం, పెంట (పశువుల ఎరువు) వేయడం, చేలో గొర్ల మంద పెట్టించడం, జీలుగు అనే పచ్చిరొట్ట పైరు వేసి కలియదున్నడం. నాలుగూ మంచివే, కానీ ఒకటి చేసే పని ఇంకొకటి చేయదు. ఏది ఏ నేలకో తెలియకుండా ఖర్చు పెడితే డబ్బులూ పోతాయి, అదనూ పోతుంది.

ముందు జబ్బు తెలియాలి. చెల్కలో ఇసుక పాలు ఎక్కువ. బంకమట్టి చాలాచోట్ల 10–15 శాతం మించదు. అందుకే వాన పడ్డ నాలుగో రోజుకే పై నేల ఎండుతుంది. జోరు వాన పడితే వేసిన యూరియా నీళ్లతో పాటు వేరుకు అందనంత కిందికి దిగిపోతుంది. దీనికి తోడు ఏటవాలు వెంబడి దున్నితే, వాన నీటితో మొదట కొట్టుకుపోయేది ఆ ఉన్న కాస్త బంకమట్టే. గులక, ముతక ఇసుక మిగులుతాయి. అంటే చెల్కకు తిండి తక్కువన్నది సగం మాటే. పెట్టిన తిండిని, తాగిన నీటిని పట్టి ఉంచుకునే సత్తువ లేకపోవడమే అసలు లోటు.

చెరువు మట్టి

ఆ లోటును నాలుగింటిలో ఎక్కువగా తీర్చేది ఇదే. కొట్టుకుపోయిన మట్టి చేరేది చెరువులోకే కాబట్టి పూడికలో బంకమట్టి పాలు ఎక్కువ. లెక్క ఇలా ఉంటుంది. ట్రాక్టర్ ట్రాలీలో సుమారు 3 ఘనపు మీటర్ల మట్టి పడుతుంది. ఎకరానికి 40 ట్రాలీలు తోలితే 120 ఘనపు మీటర్లు, అంటే చేనంతా 3 సెంటీమీటర్ల మందం. బంకమట్టి 45 శాతమున్న పూడికను 12 శాతమే ఉన్న చెల్కతో 15 సెంటీమీటర్ల లోతు దాకా కలిపితే ఆ పొరలో బంకమట్టి 18 శాతం దాటుతుంది. పత్తి బెట్టకు వచ్చినప్పుడు ఈ తేడా కంటికి కనిపిస్తుంది. పక్క చేను మధ్యాహ్నానికే వాలిపోతే ఇది ఇంకొన్ని రోజులు తట్టుకుంటుంది.

కుప్పలు పోయడంలోనే చాలామంది తప్పుతారు. ట్రాక్టర్‌కు వీలైన చోటల్లా పోస్తే ఒకచోట జానెడు మందం, ఇంకోచోట ఉత్త చెల్క. 40 ట్రాలీలకు ఒక్కో కుప్ప సరిగ్గా 100 చదరపు మీటర్లకు రావాలి. అంటే 10 మీటర్లకో వరుస, వరుసలో 10 మీటర్లకో కుప్ప. 20 ట్రాలీలే తోలగలిగితే ఆ దూరం 14 మీటర్లు. ఏప్రిల్, మే నెలల్లో తోలి, గడ్డలు ఎండలో పగిలాక బ్లేడుతో సమంగా పరిచి, తొలకరికి దున్ని కలపాలి. తడి మట్టి తోలితే ట్రాలీలో చాలా బరువు నీళ్లదే. పైగా గడ్డలు ఇటుకల్లా గట్టిపడి ఏడాదంతా గుంటుకకు అడ్డం తగులుతాయి.

అన్ని పూడికలూ ఒకటి కావు. తోలే ముందు పిడికెడు మట్టి తడిపి బొటనవేలితో పట్టీలా సాగదీయండి. రెండు అంగుళాలు తెగకుండా సాగితే బంకమట్టి బాగా ఉన్నట్టు. వెంటనే తెగితే అది ఇసుక మేట, దానికి డీజిల్ పోయడం దండుగ. ఎండిన శిఖంలో (చెరువు లోపలి నేలలో) తెల్లగా పొరలు కట్టి ఉంటే ఉప్పు ఉందని అనుమానించి పరీక్ష చేయించాలి. పట్నం మురుగు కలిసే చెరువు మట్టి అసలు వద్దు. తుంగ గడ్డలున్న చోట పైపొర పక్కకు తీసేయకపోతే ఆ తుంగ చేనంతా పాకుతుంది, తర్వాత దాన్ని వదిలించుకోవడం మహా కష్టం. నల్లటి పూడిక అయిపోయి మొరం తగిలిన చోట ఆపేయాలి. కట్టను ఆనుకుని తవ్వితే కట్ట బలం పోతుంది. నిట్టనిలువు గుంతలు వదిలితే నీళ్లు నిండాక అవి మనుషులనూ పశువులనూ మింగుతాయి. తవ్వే ముందు సంబంధిత అధికారుల అనుమతి తీసుకోవాలి.

2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తవ్వే ఖర్చు ప్రభుత్వం పెట్టుకుంటే, తోలుకునే ఖర్చు రైతు భరించాడు. ఇప్పటికీ ఖర్చంతా దూరంలోనే ఉంది. చెరువు రెండు మూడు కిలోమీటర్ల లోపుంటే లాభం, అది దాటితే ఆలోచించాల్సిందే. ఈ మట్టి ఇటుక బట్టీలకు పోవడం మాత్రం ఊరు ఊరంతా అడ్డుకోవాల్సిన నష్టం. అది పైచేన్ల నుంచి తరాల తరబడి కొట్టుకొచ్చిన సారం, బట్టీలో కాలితే మళ్లీ నేలకు రాదు.

నల్లరేగడికి మాత్రం చెరువు మట్టి వద్దు. అక్కడ బంకమట్టి ముందే ఎక్కువ. ఇంకా వేస్తే నీరు నిలిచి వేర్లు కుళ్లుతాయి.

పెంట, గొర్ల మంద

పూడిక నేలకు ఒళ్లు ఇస్తుంది, ఏటా తిండి పెట్టాల్సింది పెంటే. ఎకరానికి 4 టన్నులు వేయాలి. బాగా మాగిన పెంటలో నత్రజని అర శాతం దాకా ఉంటుంది కాబట్టి 4 టన్నులకు 20 కిలోలు. అందులో మొదటి ఏడాది పైరుకు అందేది కొంతే, మిగతాది నెమ్మదిగా తర్వాతి పంటలకు. చిక్కల్లా పశువులతోనే. ఒక్క పశువు రోజుకు సుమారు 10 కిలోల పేడ వేస్తుంది. అది మాగేసరికి సగానికి సగం తగ్గుతుంది. ఎకరానికి సరిపడా పెంట కావాలంటే రెండు మూడు పశువులుండాలి. ట్రాక్టర్లు వచ్చాక దొడ్లు ఖాళీ అయిన ఊళ్లలో అది ఎక్కడి నుంచి వస్తుంది? అందుకే పదెకరాల ఆసామికి పెంటొక్కటే దారి కాదు. రెండెకరాల రైతుకు మాత్రం దీన్ని మించింది లేదు.

పచ్చి పెంట వేస్తే వేరు పురుగు, చెదలు, వయ్యారిభామ విత్తనాలు కలిసే వస్తాయి. మీటరు లోతు గుంతలో వేసి, తడి ఆరకుండా, పైన మట్టి కప్పి నాలుగైదు నెలలు మాగనివ్వాలి. ఎండుతెగులు వచ్చే చేనైతే 90 కిలోల మాగిన పెంటకు 10 కిలోల వేప పిండి, 2 కిలోల ట్రైకోడెర్మా విరిడి (తెగులును అణిచే మేలు చేసే శిలీంద్రం) కలిపి, నీళ్లు చిలకరించి, నీడలో వారం పది రోజులుంచి దుక్కిలో చల్లాలి.

పశువుల్లేని రైతుకు గొర్ల మంద పెట్టించడం తేలిక. పెంటికలతో పాటు మూత్రం కూడా నేరుగా నేలలోకే పోతుంది, తోలుడు ఖర్చు లేదు. గొర్రెకు చదరపు మీటరు చొప్పున 500 గొర్ల మంద రాత్రికి 500 చదరపు మీటర్లు ఆక్రమిస్తుంది. రోజూ జాగా మారిస్తే ఎకరం పూర్తి కావడానికి 8 రాత్రులు. మంద లేచిన రెండు రోజుల్లోపు పైపైన దున్నకపోతే ఘాటైన వాసనతో నత్రజని గాలిలో కలుస్తుంది. పత్తి ఏరిన నల్లరేగళ్లకు ఇదే మొదటి ఎంపిక.

జీలుగు ఎక్కడ?

నీళ్లున్న వరి పొలంలో. ఎకరానికి 12–15 కిలోల విత్తనం చల్లి, 40–45 రోజులకు పూత దశలో కలియదున్నాలి. పూత దాటితే కాండం పీచు కట్టి తొందరగా కుళ్లదు. ఎకరానికి 50 కిలోల సూపర్ ఫాస్ఫేట్ చల్లి దమ్ము చేస్తే తొందరగా మురుగుతుంది. వారం పది రోజుల తర్వాతే నాటు వేయాలి. చౌడు పట్టిన పొలానికి జీలుగును మించింది లేదు.

వానాధార చెల్కకు మాత్రం ఇది కుదరదు. 60–75 మిల్లీమీటర్ల వాన పడగానే పత్తి గింజ పెట్టాలి. ఆ పదును జీలుగుకు ఇస్తే పత్తి అదను నెలన్నర వెనక్కి పోతుంది. అక్కడ చేను ఖాళీ చేయకుండా పచ్చి ఆకు దొరికే దారి గెట్ల (చేని గట్ల) మీద గిరిపుష్పం (గ్లైరిసిడియా) చెట్టు. తొలకరిలో మీటరు దూరంతో నాటితే రెండో ఏడు నుంచి నడుము ఎత్తులో నరికి ఆకును సాళ్ల మధ్య పరచవచ్చు. దాని వేళ్లు గెట్టును కూడా పట్టి ఉంచుతాయి. ములుగు, నర్సంపేట వైపు అడవి అంచు ఊళ్లవాళ్లు దీన్ని ఇంకా గట్టిగా పట్టుకోవాలి. అడవిలో రాలిన ఆకు, పైమట్టి ఊడ్చుకొస్తే అక్కడ మొలక లేవదు, వాన నీరు ఇంకదు. పైన అడవి నిలిచిన చెరువు నెమ్మదిగా పూడుతుంది, అడవి కొట్టి దున్నిన చోట కింద చెరువు తొందరగా పూడుతుంది.

ఇక వరస. బోరు లేని ఎర్ర చెల్క, దగ్గరలో మంచి చెరువు ఉంటే డబ్బు మొదట పూడిక మీదే పెట్టాలి. అంతకంటే ముందు గెట్లు సరిచేసి, వాలుకు అడ్డంగా దున్నడం, అడ్డంగానే విత్తడం అలవాటు కావాలి. లేకపోతే తోలిన మట్టి నాలుగు వానలకే మళ్లీ చెరువు దారి పడుతుంది. రెండో ఏడు నుంచి పెంటో, మందో. పత్తికట్టె కాల్చకుండా ష్రెడ్డర్‌తో ముక్కలు చేసి దున్నాలి. ఎండుకాయలు ముందే ఏరి నాశనం చేయకపోతే గులాబీ రంగు పురుగు వచ్చే పంటకూ దాపురిస్తుంది.

మట్టి తోలక ముందు ఒకసారి, రెండేళ్ల తర్వాత మరోసారి భూసార పరీక్షకు నమూనా తీయండి. ఎకరంలో 8–10 చోట్ల 15 సెంటీమీటర్ల లోతు ‘వి’ ఆకారంలో తవ్వి, అంచు నుంచి పలుచగా చెక్కి, అంతా కలిపి అర కిలో పంపాలి. గెట్ల పక్కన, చెట్ల కింద, పెంటకుప్ప పోసిన జాగాలో తీయొద్దు. రెండు పరీక్ష చీటీల్లో సేంద్రియ కర్బనం అంకెనే మొదట పోల్చండి.